ఆరని బిళ్ళలు

మా వదిన బూజు పెంచేది. పెంచి, నెలనెలా జీతం కూడా తీసుకునేది.

ఇంట్లో రొట్టెముక్క మీద పచ్చటి చుక్క కనబడితే అలమారంతా ఖాళీ చేసి కడిగే మనిషి, పొద్దున తొమ్మిదయ్యేసరికి కాలేజీకి వెళ్ళి అదే బూజు కోసం బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఆ నీళ్ళలో పంచదార, గడ్డకట్టే నాచుపొడి కలిపి, గాజు ప్లేట్లలో గడ్డకట్టించి, వెచ్చటి పెట్టెలో పడుకోబెట్టి వచ్చేది. "మొగుడికి వేడినీళ్ళు పెట్టడానికి తీరిక లేదు గానీ, బూజుకి మాత్రం లాలపోసి జోకొడుతుంది" అని మా అన్న వెక్కిరించేవాడు. వదిన నవ్వేది. "అవి మీలాగ వేళకి అన్నం పెట్టలేదని అలగవు" అనేది.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. కట్టుకున్నవాడు ఆ నోటికో దణ్ణం పెట్టి తన దారి తాను చూసుకున్నాక, అన్న ఇంట్లో వెనక గదిలో చేరాను. వదిన పనిచేసే విభాగంలోనే నాకూ టైపిస్టు ఉద్యోగం దొరికింది. పొద్దున ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం, సాయంత్రం ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. దారి పొడుగునా నేను మాట్లాడేదాన్ని, ఆవిడ వినేది. ఇరవై ఏళ్ళు నా మాట విన్నది. అంతగా వినకుండా ఉంటే బాగుండేది.

వదిన పంతొమ్మిదో ఏట ఆ ల్యాబులో గాజు సామాను కడగడానికి చేరింది. ఇంగ్లీషు చదవడం రాదు. సీసాల మీద పేర్లని అక్షరాల రూపాన్ని బట్టి గుర్తుపట్టేది. "ఇదిగో, ఈ తోకున్నది స్పిరిటు, ఈ రెండు గుండ్లున్నది చక్కెర" అనేది. మొదట్లో అందరూ నవ్వారు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆవిడ పోసిన ప్లేట్ల మీద తప్ప తమ ప్రయోగం పెట్టమని పరిశోధక విద్యార్థులు భీష్మించుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళు పోస్తే నాలుగింట ఒక ప్లేటులో ఏదో పిలవని పేరంటం వచ్చి కూర్చునేది. గాల్లోంచి పడ్డ పరాయి బూజో, ఊపిరి తగిలి వచ్చిన చెత్తో. వదిన పోస్తే అద్దంలా ఉండేవి. వేసిన విత్తనమే మొలిచేది, ఇంకోటి మొలిచేది కాదు. "అంతా ఆవిడ హస్తవాసి" అనేది పెద్ద మేడమ్. పెద్ద మేడమ్ అంటే మా విభాగాధిపతి, ఒకరిని మెచ్చుకుంటే తన కిరీటం ఊడిపోతుందనుకునే మనిషి. అలాంటి ఆవిడే అన్నదంటే చూసుకోండి. పిల్లలంతా వదినని ప్లేట్లమ్మ అని పిలిచేవాళ్ళు. ఇంట్లో పిల్లలు లేని మనిషికి అక్కడ ఏటా పదిమంది.

ఆ ఏడు తొందరయ్య అనే కుర్రాడు సీమ అవిసె ఆకు మీద పరిశోధన చేస్తున్నాడు. అసలు పేరు వేరే ఉంది లెండి. మూడు మెట్లొకసారి ఎక్కుతాడని మేం పెట్టిన పేరది. సీమ అవిసె మా కాలేజీ వెనక మురుగు కాలవ పక్కన దానంతటదే మొలిచే మొక్క. వెడల్పాటి ఆకులు, నిలువుగా పసుపుపచ్చ పూల గుత్తులు. ఒంటి మీద తామర లేస్తే పెద్దవాళ్ళు ఆ ఆకు నూరి పట్టించేవాళ్ళు, చాలామందికి తగ్గేది కూడా. నిజంగా ఆ ఆకులో బూజుని చంపే గుణం ఉందా, ఉంటే ఏ బూజుని ఎంత చంపుతుంది, ఇదీ వాడి చదువు.

పని మాత్రం సగం వదినదే. ఆకు నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, స్పిరిటులో నానబెట్టి, వడకట్టేది. తరవాత నా గదికి వచ్చి నా టేబుల్ మీద ఉన్న పంచింగ్ మిషను అడిగేది. కాగితాలకి చిల్లులు పెట్టే మిషనే. దాంతో వడపోత కాగితానికి చిల్లులు కొడితే కింద గుండ్రటి బిళ్ళలు రాలతాయి. ఆ బిళ్ళలకి ఆకుసారం పట్టించి, ట్రేలో పరిచి, రాత్రంతా గోరువెచ్చటి ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఆరిన బిళ్ళని మర్నాడు బూజు విత్తిన ప్లేటు మధ్యలో పెట్టాలి. ఆకులో పస ఉంటే బిళ్ళ చుట్టూ బూజు మొలవదు, ఖాళీ గుండ్రం మిగులుతుంది. ఆ గుండ్రం ఎంత వెడల్పుంటే మందు అంత గట్టిదని లెక్క. దాన్ని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆరని బిళ్ళని మాత్రం వదిన ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "మీ తొందర మీ ఇంట్లో చూపించుకోండి" అని ట్రే మీద మూత పెట్టేసేది.

ఆ రోజు మంగళవారం. నాలుగు కావస్తోంది. వదిన అప్పుడే ఇరవై బిళ్ళలకి సారం పట్టించి ట్రేలో పరిచింది. ఓవెన్ తలుపు తీయబోతుండగా నా గదిలో ఫోను మోగింది. అన్న పనిచేసే వడ్రంగి షెడ్డు యజమాని. చెక్క కోస్తుంటే పేడు ఎగిరి అన్న కుడికంట్లో గుచ్చుకుందట. నేను ల్యాబులోకి పరిగెత్తి చెప్పాను. వదిన చేతి తొడుగులు కూడా తీయలేదు. బస్సెక్కాక కండక్టరు అవి చూసి వింతగా మొహం పెడితే అప్పుడు తీసింది. ట్రే గట్టు మీదే ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడకి గుర్తు లేదు, నాకు అసలు తెలీదు.

పేడు తీశారు. చిన్న గీతేనన్నారు. అన్న కంటికి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చి నాతో హాస్యాలాడాడు.

"మేం వడ్రంగులమే చిట్టీ. ఒక కన్ను మూస్తేనే మాకు చెక్క తిన్నగా ఉందో లేదో తెలిసేది. ఇదేమంత కొత్త!"

వారం తిరిగేసరికి కన్ను నిప్పుకణికలా ఎర్రబడింది. నల్లగుడ్డు మీద అన్నం మెతుకంత తెల్లమచ్చ. కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ మచ్చ మీద నుంచి కాస్త గీకి పరీక్షకి పంపింది. మూడోరోజు కాగితం చేతికిచ్చి, కంట్లో బూజు పట్టిందని చెప్పింది.

వదిన ఆ మాట విని కుర్చీలో కూర్చుంది. "ఇరవై రెండేళ్ళు పెంచానమ్మా, చివరికి నా ఇంటికే వచ్చింది" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. చెక్కపేళ్ళ మీద, ఎండుటాకుల మీద ఆ బూజు మామూలుగానే ఉంటుందని, ఎవరి తప్పూ లేదని చెప్పింది. పాలలాంటి తెల్లటి చుక్కల మందు ఇచ్చింది.

"గంటగంటకీ వెయ్యాలి. పడుకుంటే లేపి వెయ్యాలి. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. ఆకుపసరు, తేనె, తల్లిపాలు, ఎవరేం చెప్పినా సరే, ఇది తప్ప ఇంకో చుక్క కంట్లో పడకూడదు."

వదిన తల ఊపింది. నేనూ ఊపాను.

రెండు వారాలు వదిన నిద్ర లేకుండా గంట గంటకీ మందు వేసింది. పగలు సెలవు, రాత్రి జాగారం. చుక్క పడ్డప్పుడల్లా అన్న మంటకి పళ్ళు బిగించేవాడు. ఆ కన్ను పోతే తన పనే పోతుందని వాడికి తెలుసు. గుమ్మాలు, తలుపులు చేసే చెయ్యి, వెంట్రుకవాసి తేడా వస్తే మర్నాడు తలుపు పట్టదు. హాస్యాలు మానేశాడు. పదిహేనో రోజున డాక్టరమ్మ లైటు వేసి చూసి చెప్పింది.

"పెరగలేదు. పెరగలేదంటే మందు పనిచేస్తున్నట్టే. ఓపిక పట్టండి."

బయటికొచ్చాక నేనే అన్నాను, "పెరగలేదంటే తగ్గినట్టా? ఇదేం వైద్యం! డబాయింపు కాకపోతే!"

ఆ మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళాను. తొందరయ్య సిద్ధాంత గ్రంథం కాగితాలు తెచ్చి టేబుల్ మీద పడేశాడు. "త్వరగా టైప్ చెయ్యండి, అక్కా, ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యాలి." వాడికి ఎప్పుడు తొందర లేదు గనక! ఒక పట్టిక టైపు చేస్తుంటే ఒక బూజు పేరు దగ్గర నా వేళ్ళు ఆగాయి. సగం వరస పట్టే పొడుగు పేరు. దాన్ని ఎక్కడో చూశాను. సంచీలోంచి అన్న పరీక్ష కాగితం తీసి పక్కన పెట్టాను. అక్షరం పొల్లు పోకుండా అదే పేరు. పట్టికలో దాని ఎదురుగా, పోల్చి చూడ్డానికి పెట్టిన ఆసుపత్రి మందు బిళ్ళకి పద్దెనిమిది మిల్లీమీటర్లు. సీమ అవిసె ఆకు బిళ్ళకి ఇరవై నాలుగు.

ఇరవై ఏళ్ళుగా టైపు చేస్తున్నాను. అక్షరాలు సరిపోతే అన్నీ సరిపోయినట్టేనని నా నమ్మకం. తప్పొప్పులు పట్టడమే నా ఉద్యోగమాయె. ఆ కాగితం పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. అన్న గదిలో పడుకున్నాడు. వంటింట్లో వదిన మందుసీసా మూత వేడినీళ్ళలో కడుగుతోంది.

"చూడు వదినా. ఇరవై నాలుగు! వాళ్ళ మందు పద్దెనిమిదే. మన కాలవ పక్క మొక్క!"

వదిన కాగితం చూసింది. అంకెలు చదవడం వచ్చు ఆవిడకి. చాలాసేపు చూసింది.

"నేను పోసిన ప్లేట్లేనా?"

"నువ్వు పోసినవే, నువ్వు చేసిన బిళ్ళలే. తొందరయ్యే చెప్పాడు, ప్లేట్లమ్మ బిళ్ళలు అదిరిపోయాయని."

"అది ప్లేటు అమ్మాయ్. కన్ను కాదు."

"ప్లేట్లో చచ్చేది కంట్లో చావదా?"

"చస్తుంది. దాంతోపాటు ఇంకేం చస్తుందో ప్లేట్లో కనపడదు."

ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. చదువు రాని మనిషి, నా ఇరవై ఏళ్ళ టైపు కన్నా పెద్ద మాట చెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

"నీకేం పోయింది! వాటిని పెంచి పెంచి, వాటి మీద ప్రేమ నీకు. మొగుడి కన్నుకన్నా బూజే ఎక్కువైపోయింది. కడుపున ఒక కాయ కాయలేదు, కట్టుకున్నవాణ్ణన్నా దక్కించుకోవా?"

అన్నాను. ఆ మాట నేనే అన్నాను. దెయ్యం పట్టిందనో, అన్న మీద ప్రేమనో చెప్పి తప్పించుకోను. వదిన మొహం ఆ క్షణాన ఎలా అయిందో రాయడం నాకు చేతకాదు. ఆవిడ మూత కడగడం పూర్తి చేసి, తుడిచి, సీసాకి పెట్టింది. మర్నాడు నాతో పాటు బస్సెక్కింది.

స్పిరిటు కంట్లో వెయ్యకూడదని ఆవిడకి తెలుసు. అందుకని ఆకుని నీళ్ళలో మరిగించింది. మూడుసార్లు వడకట్టింది. చివరిసారి ల్యాబులో ఉన్న అతి సన్నటి జల్లెడ కాగితంలోంచి. సీసాని, చుక్కల గొట్టాన్ని ఆవిరిలో ఉడికించింది. ఆ నీళ్ళలో ఏ క్రిమీ లేదని తేల్చుకోడానికి రెండు చుక్కలు ఖాళీ ప్లేటులో వేసి, రెండు రోజులు ఆగి చూసింది. అద్దంలా ఉంది. అంత శుభ్రం, అంత జాగ్రత్త. ఒక్కటే చూడలేదు, ఆ నీళ్ళు బూజుని చంపుతాయో లేదో. అది పట్టికలో ఉంది గదా. నేను టైపు చేసిన పట్టికలో.

మొదట ఒక గంట ఆసుపత్రి మందు, ఒక గంట ఆకునీళ్ళు వేసింది. ఆకునీళ్ళు పడితే అన్నకి మంట లేదు. "హమ్మయ్య, చల్లగా ఉంది. ఇదే వెయ్యవోయ్" అన్నాడు. మూడువారాల్లో వాడు మొదటిసారి నవ్వాడు. నేను మళ్ళీ వంటింట్లో వదిన పక్కన చేరాను. రెండు మందులూ కలిస్తే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయని, చల్లగా ఉందంటే పనిచేస్తోందనే కదా అని చెవిలో జోరీగలా రొద పెట్టాను. ఆవిడ ఒక రోజు విన్లేదు. రెండో రోజుకి తెల్లమందు సీసా అలమారాలో పెట్టేసింది.

ఆరోరోజు పొద్దున్నే అన్న "చెంప మీద వేడి నీళ్ళు కారుతున్నాయేంటే" అన్నాడు. అవి కన్నీళ్ళు కావు. కనుగుడ్డు చిట్లింది.

డాక్టరమ్మ ఆ సాయంత్రమే కన్ను తీసెయ్యాలంది. లోపలికి పాకితే ప్రాణం మీదికి వస్తుందంది. సంతకం పెట్టించుకున్నాక వరండాలో మా ఇద్దర్నీ నిలబెట్టి అడిగింది.

"బాగానే నిలబడ్డ కన్ను ఇది. ఇంకో నెల ఓపిక పడితే మచ్చ మిగిలినా చూపు మిగిలేది. నిజం చెప్పండి, ఏం పోశారు కంట్లో?"

స్ట్రెచర్ మీద అన్న పక్కనే ఉన్నాడు, అన్నీ వింటున్నాడు. ఊరందరి మీదా ఇంతెత్తున లేచే నా నోరు ఆ పూట పెగల్లేదు.

"నేనే వేశానమ్మా" అంది వదిన. "ఆకునీళ్ళు. మీ మందు ఆపేసింది కూడా నేనే. ఎవరూ చెప్పలేదు, నా బుద్ధికే తోచింది."

అన్న మిగిలిన కన్ను తిప్పి ఆవిడ వైపు చూశాడు. అప్పుడు తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. వాణ్ణి లోపలికి తోసుకుపోయారు.

నెల తరవాత వదిన పనిలోకి వచ్చింది. వచ్చిన మూడోవారంలో ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి పంచింగ్ మిషను అడిగింది. ఇచ్చాను. ఏం చేస్తోందో అడగలేదు. ఐదు రోజుల తరవాత నాలుగు ప్లేట్లు తెచ్చి నా కంప్యూటరు పక్కన వరసగా పెట్టింది.

"మూత తియ్యకు. పైనుంచి చూడు" అంది.

నాలుగింటిలోనూ అన్న కంట్లో పట్టిన బూజే, తొందరయ్య దగ్గరున్నదే. మొదటి ప్లేటులో ఆకుసారం పట్టించి రాత్రంతా ఆరబెట్టిన బిళ్ళ. బూజు బిళ్ళ అంచు దాకా వచ్చి, బిళ్ళ మీదికి ఎక్కి కూర్చుంది. రెండోదానిలో అదే ఆకుసారం, ఆరకుండా తడిగా పెట్టిన బిళ్ళ. చుట్టూ ఖాళీ గుండ్రం. మూడోదానిలో ఆకు లేదు, ఏమీ లేదు, ఉత్త స్పిరిటులో ముంచి తడిగా పెట్టిన బిళ్ళ. అంతే గుండ్రం. స్కేలు పెట్టి చూపించింది. ఇరవై నాలుగు. నాలుగోదానిలో, నేను చెవిలో ఊది ఊది పోయించిన ఆకునీళ్ళు. బూజు ఒత్తుగా, తెల్లగా, దూదిపరుపులా ఉంది.

"ఆకు కాదు అమ్మాయ్. స్పిరిటు. తడారని స్పిరిటు" అంది. "తామర బూజు వేరు, దాన్ని ఈ ఆకు కాస్త అణుస్తుందేమో. దీన్ని ఏం చెయ్యదు. వెంట్రుక కూడా పీకదు."

అప్పుడే తొందరయ్య ఏదో కాగితం కోసం లోపలికొచ్చాడు. వదిన వాడి వైపు తిరిగింది.

"బాబూ, ఆ మంగళవారం, మా ఆయనకి దెబ్బ తగిలిన రోజు, గట్టు మీద ట్రే ఉంది చూడు. దాన్ని ఓవెన్‌లో పెట్టావా?"

"ముందు రాత్రే ఓవెన్‌లో ఆరబెట్టి, తీసి పెట్టి వెళ్ళావనుకున్నాను అక్కా" అన్నాడు వాడు. "బయటే ఉన్నాయి గదా, ఆరినవేననుకుని అప్పుడే ప్లేట్లలో పెట్టేశాను. పోల్చడానికి పెట్టే ఉత్త స్పిరిటు బిళ్ళలు సీసాలో పాతవి ఉన్నాయి, అవి పెట్టాను. ఏం?"

ఆ పాతవి వదిన అంతకుముందు వారమే ఆరబెట్టి దాచినవి. అందుకే వాటి చుట్టూ గుండ్రం రాలేదు. ఉత్త స్పిరిటుకి ఏమీ రాలేదు గనక, ఇరవై నాలుగూ ఆకు గొప్పేనని వాడు రాసుకున్నాడు. వాడిది మోసం కాదు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆరని బిళ్ళని గట్టు మీద వదిలి వెళ్ళిన రోజు ఇంకోటి లేదు. వదిలింది ఎందుకు? మొగుడి కంట్లో పేడు గుచ్చుకుందని పరిగెత్తడానికి. ఆ పరుగులో పుట్టిన అంకె తిరిగొచ్చి ఆ కన్నునే పొడిచింది. దేవుడనేవాడుంటే వాణ్ణి నిలదీసి అడగాలని ఉంది నాకు, ఇదేం లెక్కయ్యా అని.

వదిన ఏడవలేదు. ప్లేట్లు తీసుకెళ్ళి ఆవిరిలో ఉడికించి, కడిగి, బోర్లించింది. తరవాత పెద్ద మేడమ్ దగ్గరికెళ్ళి తప్పు తనదని చెప్పింది. పెద్ద మేడమ్ తొందరయ్యని పిలిచి చీవాట్లు పెట్టి, ఆ బూజు వరకు తీసెయ్యమంది. మిగతా బూజుల పరీక్షలన్నీ ఆరిన బిళ్ళలతోనే చేసినవి, వాటికి ఢోకా లేదు. రెండు పేజీలు. నేనే తీసేశాను. కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే ఇరవై నాలుగు మాయమైపోయింది, దాని చోట తెల్లగా ఖాళీ. వాడికి పట్టా వచ్చింది. వచ్చిన రోజు వదిన కాళ్ళకి దణ్ణం పెట్టి భోరుమన్నాడు. మంచివాడే పాపం.

అన్న మళ్ళీ షెడ్డుకి వెళ్ళాడు. ఒంటికన్నుతో లోతు అందదట. సుత్తి మేకు మీద కాక వేలి మీద పడేది. రెండు గోళ్ళు ఊడాయి. యజమాని మంచితనం కొద్దీ తలుపులకి గరుకు కాగితం రుద్దే పని ఇచ్చాడు, ముప్పై ఏళ్ళ అనుభవమున్న పనివాడికి. ఏడాది రుద్ది మానేశాడు. ఇప్పుడు ముందు గదిలో కుర్చీలో కూర్చుంటాడు. గ్లాసులో నీళ్ళు పోసుకుంటే సగం బల్ల మీదే. ఒక్కోసారి గుమ్మం వైపు చూస్తూ, ఉన్న కన్ను మూస్తాడు. పాత అలవాటు. మూశాక ఏమీ కనపడదని గుర్తొచ్చి మళ్ళీ తెరుస్తాడు.

వదినతో మాట్లాడడు. ఆవిడ వండితే తింటాడు, ఆవిడ ఉతికితే తొడుక్కుంటాడు. మాట మాత్రం లేదు. మిగిలిన కన్ను పొడిబారకుండా రోజుకి మూడుసార్లు చుక్కలు వెయ్యాలన్నారు. మొదటి రోజు వదిన సీసా పట్టుకుని దగ్గరికెళ్తే, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆవిణ్ణి రావొద్దను చిట్టీ. నువ్వెయ్యి."

వదిన సీసా నా చేతిలో పెట్టి పక్కకి జరిగింది.

ఆ వారమే చెప్పెయ్యాలనుకున్నాను. ఇక భరించలేనని, అన్నకి నిజం చెప్పేస్తానని వంటింట్లో వదిన రెండు చేతులూ పట్టుకున్నాను. ఆవిడ చేతులు విడిపించుకుని స్టవ్ మీది నీళ్ళు దించింది.

"చెప్పి?"

"నా తప్పు నాకుండాలి గదా వదినా. నీకెందుకు?"

"వేసింది నా చెయ్యే. వద్దని తెలిసి వేశాను. నువ్వన్న మాటకి కోపం వచ్చి వేశాను అమ్మాయ్, నమ్మి కాదు." స్టవ్ ఆర్పింది. "నేను పనికిరాకుండా పోయాను. నువ్వు కూడా పోతే ఆయన కంట్లో మందెవరు వేస్తారు? ఎవర్నీ నమ్మడు. ఉన్న ఒక్కటీ పోతుంది. నోరు మూసుకో."

జీవితంలో మొదటిసారి ఆవిడ నన్ను నోరు మూసుకోమంది. నేను మూసుకున్నాను.

వదిన రిటైరై నాలుగేళ్ళయింది. ఆఖరి రోజున ల్యాబులో పిల్లలు పూలగుత్తి ఇచ్చి, ఇక మాకు ప్లేట్లు ఎవరు పోస్తారు, మీ హస్తవాసి ఎవరికొస్తుంది అని ఏడ్చారు. ఆవిడ ఆ గుత్తిని బస్సులోనే వదిలేసి దిగింది. కాలవ పక్క సీమ అవిసె ఇంకా ఉంది. నాకు ఇంకో రెండేళ్ళ సర్వీసుంది, రోజూ దాని పక్క నుంచే నడుస్తాను.

ఈ పొద్దున కూడా అంతే. వదిన వంటింట్లో నీళ్ళు మరగబెట్టి, గొట్టం ఉడికించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, సీసా తుడిచి, తలుపు పక్క నుంచి నాకు అందించింది. తను కనపడకుండా గోడకి ఆనుకుని నిలబడింది. అన్న తల వెనక్కి వాల్చాడు. వెయ్యక ముందే కన్ను పూర్తిగా తెరిచి పెట్టాడు, రెప్ప కూడా కొట్టకుండా. చుక్క సరిగ్గా పడింది.

"చల్లగా ఉంది" అన్నాడు అన్న. కన్ను మూసుకుని, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ హస్తవాసి మంచిది చిట్టీ. ఆ రోజు నువ్వు వేసి ఉంటే నా కన్ను నాకుండేది."

గోడ అవతల వదిన అది విన్నది. నేను చెయ్యి విడిపించుకుని ఖాళీ గొట్టం ఆవిడకి అందించాను. ఆవిడ తీసుకుని, మధ్యాహ్నానికి మళ్ళీ ఉడకబెట్టడానికి వెళ్ళింది.